పట్టుకోకుండా నేర్పండి: బ్యాలెన్స్ బైక్ నుంచి పెడల్ సైకిల్ దాకా

“పెడల్స్ లేని సైకిలేందప్పా, సగం బండి అంటగట్టినారా నీకు?” అనంతపురం సందుల్లోకి బ్యాలెన్స్ బైక్ తీసుకొచ్చిన తల్లిదండ్రులకు ఈ పలకరింపు తప్పదు. అడిగేవాళ్ళ తప్పేం లేదు. మన తరం సైకిల్ నేర్చుకున్నది గంటకింత అని అద్దెకు తెచ్చిన పెద్ద సైకిల్ మీద, బారు కింద కాలు దూర్చి, మోకాళ్ళు గీరుకుని.

బ్యాలెన్స్ బైక్‌లో ఉండేది రెండు చక్రాలు, ఒక సీటు, ఒక హ్యాండిల్. చైను లేదు, పెడల్ లేదు. బిడ్డ సీటు మీద కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోతాడు. ఇదేం ఈ కాలపు వింత కాదు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపించిన రెండు చక్రాల చెక్కబండి సరిగ్గా ఇట్లాంటిదే, కాకపోతే అది పెద్దవాళ్ళది. పెడల్స్ 1860లలో ఫ్రాన్స్‌లో వచ్చి చేరినాయి. అంటే సైకిల్ పుట్టిన వరుసలోనే ముందు బ్యాలెన్స్, తర్వాత తొక్కుడు.

మనం పిల్లలకు నేర్పే వరుస మాత్రం దీనికి తలకిందులు. నాలుగేళ్ళకు పక్క చక్రాలున్న సైకిల్ కొంటాం. పక్క చక్రాలున్న బండి వాలదు. రెండు చక్రాల బండి నిలబడేదేమో వాలుతూ, సర్దుకుంటూ: ఎడమకు పడబోతే హ్యాండిల్ కొంచెం ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు మళ్ళీ ఒంటి కిందికి వస్తాయి. ఈ సర్దుబాటు మాటల్తో చెబితే వచ్చేది కాదు, ఒంటికే తెలియాలి. పక్క చక్రాల మీద రెండేళ్ళు తిరిగిన బిడ్డకు తొక్కడం వస్తుంది గానీ ఇది రాదు. అవి విప్పిన రోజు మళ్ళీ మొదటికొస్తుంది.

వెనక సీటు పట్టుకుని పరిగెత్తే నాన్న చెయ్యి కూడా మూడో చక్రమే. ఈ మార్గదర్శి అంతా ఆ చేతిని వెనక్కి తీసుకోవడం గురించే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏడాదిన్నర నుంచి ఐదేళ్ళ దాకా ఎప్పుడైనా. వయసు కంటే నడక చూడండి. బిడ్డ తడబడకుండా నడుస్తూ, నాలుగడుగులు పరిగెత్తి తనంతట తాను ఆగగలిగితే చాలు. చాలామంది రెండేళ్ళకు అక్కడికి వస్తారు. పక్కింటి పిల్ల ముందే నేర్చుకుందని తొందర పెట్టొద్దు. నాలుగేళ్ళు దాటిన బిడ్డకైతే కొత్త బ్యాలెన్స్ బైక్ కొనడం దండగ, ఇంట్లో ఉన్న సైకిల్‌నే అట్లా మార్చుకోవచ్చు. ఆ పని కింద చెప్తాను.

బండి ఎంచుకోవడం

రంగూ బొమ్మలూ తర్వాత, ముందు బరువు చూడండి. రెండేళ్ళ బిడ్డ పదకొండు పన్నెండు కిలోలుంటాడు. బండి అందులో మూడో వంతు దాటితే వాడు దాన్ని నడపడు, మోస్తాడు. మూడున్నర కిలోల లోపుంటే మేలు. ఇనుప ఫ్రేమువి తరచుగా నాలుగైదు కిలోలు తూగుతాయి, అవి మూడేళ్ళ వాళ్ళకు సరిపోతాయి. షాపులో ఒక సులువైన పరీక్ష ఉంది: బండిని నేలమీద పక్కకు పడుకోబెట్టి బిడ్డను ఎత్తమనండి. ఎత్తగలిగితే ఆ బండి వాడిదే.

చక్రాలు 12 అంగుళాలవి మామూలు. టైర్లు రెండు రకాలు. గాలి టైరు కుదుపు తగ్గిస్తుంది, నేలను బాగా పట్టుకుంటుంది, కాస్త బరువు. ఫోమ్ టైరు తేలిక, గాలి కొట్టే పని లేదు, పంక్చరు లేదు. మనకు ఈ పంక్చరు సంగతి చిన్నది కాదు. ఊరి అంచున ఏ ఖాళీ స్థలంలో కాలు పెట్టినా పల్లేరుకాయలూ, సర్కారు తుమ్మ ముళ్ళూ. నన్నడిగితే మన నేలకు మొదటి బండి ఫోమ్ టైరుదే ఉండాలి. దాని లోపం తడి నున్నటి బండల మీద జారడం. అక్కడికి పోకుండా ఉంటే సరి.

ఇదే పేరుతో నాలుగు చిన్న చక్రాల బండ్లు కూడా అమ్ముతారు. ముందు జంట, వెనక జంట. ఏడాది పిల్లలకు ఆటబొమ్మగా బాగుంటాయి, బ్యాలెన్స్ మాత్రం నేర్పవు. కాళ్ళు పెట్టుకునే పలకలు పక్కలకు పొడుచుకొచ్చే బండ్లూ వద్దు, ప్రతి అడుగుకూ పిక్కలకు తగులుతాయి. హ్యాండిల్ చివర్లు గుండ్రటి రబ్బరుతో మూసి ఉండాలి, చక్రాల నట్లకు టోపీలుండాలి. పడినప్పుడు కడుపులో గుచ్చుకునేది హ్యాండిల్ చివరే.

పాత సైకిల్‌ను మార్చుకునేవాళ్ళు పక్క చక్రాలు, స్టాండు, రెండు పెడల్స్ తీసేయాలి. సైకిల్ షాపులో నిమిషాల పని. ఇంట్లోనే అయితే 15 నంబరు స్పానరు కావాలి. కుడి పెడల్ గడియారానికి ఎదురు తిప్పితే వదులవుతుంది. ఎడమది ఉల్టా, గడియారం తిరిగే దిక్కుకే తిప్పాలి. ఇది తెలియక బలమంతా పెట్టి మరలు చెడగొట్టుకున్నవాళ్ళు చాలామంది. పెడల్ ఇరుసు మీద ఎల్, ఆర్ అక్షరాలుంటాయి, చూసుకుని విడివిడిగా దాచండి. పక్క చక్రాలు సాధారణంగా వెనక చక్రం ఇరుసుకే బిగించి ఉంటాయి కాబట్టి, అవి తీశాక ఆ నట్లను మళ్ళీ గట్టిగా బిగించడం మరవొద్దు.

సీటు ఎత్తు

ఈ ఒక్కటి తప్పితే మిగతాదంతా కష్టమవుతుంది, కాబట్టి అంచనా మీద వదలకుండా కొలవండి. బిడ్డకు బూట్లు తొడిగి గోడకు ఆనించి నిలబెట్టండి. కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకం పైకి ఆనేలా పెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా టేపు పట్టండి. దాంట్లోంచి రెండు మూడు సెంటీమీటర్లు తీసేస్తే వచ్చేదే సీటు ఎత్తు. రెండేళ్ళ బిడ్డకు కాళ్ళ కొలత సుమారు 30 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది, అందుకే కొనే ముందు బండి సీటు అంత కిందికి దిగుతుందో లేదో చూడాలి.

కూర్చోబెట్టి సరిచూసుకోండి. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, మోకాళ్ళు కొంచెం వంగాలి. మునివేళ్ళ మీద నిలబడితే సీటు దించండి. మోకాళ్ళు పొట్ట దాకా వస్తే పెంచండి. పిల్లలు ఇట్టే ఎదుగుతారు, రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ కొలవండి. పెంచేటప్పుడు సీటు కడ్డీ మీద గీసిన హద్దు గీత బయటికి కనబడకూడదు.

తలకూ కాళ్ళకూ

హెల్మెట్ మొదటి రోజు నుంచే, ఇంటి ముందర అయినా సరే. ఒకసారి అది లేకుండా అలవాటైతే తర్వాత పెట్టించలేరు. మోటార్‌సైకిల్ హెల్మెట్లు ఈ పనికి బరువు. తేలికపాటి సైకిల్ హెల్మెట్ తీసుకోండి, లోపల ఈఎన్ 1078 (సైకిల్ హెల్మెట్లకు యూరప్ పెట్టిన భద్రతా ప్రమాణం) ముద్ర ఉందేమో చూడండి. బిడ్డ తల చుట్టుకొలత కొలిచి కొనండి, “పెద్దయ్యాక కూడా పనికొస్తుంది” అని ఒక సైజు పెద్దది తేవద్దు. కనుబొమల పైన రెండు వేళ్ళ జాగా మాత్రమే మిగలాలి. పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలి. ఆట అయిపోయి జారుడుబల్ల దగ్గరికి పరిగెత్తితే హెల్మెట్ తీసేయండి. పట్టీ ఎక్కడైనా ఇరుక్కుంటే గొంతుకు బిగుస్తుంది.

కాళ్ళకు వేళ్ళు మూసే బూట్లు. చెప్పులతో వద్దు, ఎందుకంటే ఈ బండికి బ్రేకు కాళ్ళే. అడుగులు త్వరగా అరుగుతాయి కాబట్టి పాత జత చాలు. పొడవు లంగాలు, వేలాడే చున్నీలు ఇంట్లో పెట్టి రండి.

చోటు, వేళ

కావాల్సింది చదునైన గట్టి నేల, చుట్టూ బండ్లు లేని జాగా. అనంతపురంలో పొద్దున్నే పీటీసీ (పోలీసు ట్రైనింగ్ కాలేజీ) మైదానానికో ఆర్ట్స్ కాలేజీ మైదానానికో నడకకు పోయే అలవాటున్నవాళ్ళు బిడ్డను వెంట తీసుకుపోవచ్చు. నడిచేవాళ్ళ దారికి అడ్డం లేకుండా ఒక అంచున గట్టి నేల చూసుకోండి. మెత్తటి మట్టిలో చక్రం దిగబడితే రెండేళ్ళ బిడ్డకు విసుగొస్తుంది.

ఇంతకంటే మంచి చోటు చాలామందికి తట్టదు: ఊరి చివర వెంచర్లు. ప్లాట్లు అమ్ముడుపోయి ఇంకా ఇళ్ళు కట్టని చోట సిమెంటు రోడ్లు, తారు రోడ్లు ఖాళీగా పడి ఉంటాయి. సైకిల్ నేర్పడానికే వేసినట్టుంటాయి. ముందు ఒక చుట్టు నడిచి గాజుపెంకులూ కంకరా ఏరేయండి. మూతలేని కాలువలు ఎక్కడున్నాయో చూసుకోండి. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కల్యాణ మండపం ముందరి జాగా కూడా బాగుంటుంది, అడిగి వాడుకోండి.

మన ఇళ్ళలో తాడిపత్రి బండలో కడప బండలో పరిచి ఉంటాయి. పాలిష్ పట్టని గరుకు బండ ఇంట్లో నడిపించడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నున్నటి నల్లబండ తడిగా ఉంటే మాత్రం బండి దాని మీదికి పోకూడదు. పొద్దున వాకిలి కడిగాక ఆరేదాకా ఆగండి. మిద్దె మీద అసలు వద్దు. పిట్టగోడ ఎంత ఎత్తున్నా మెట్ల నోరు తెరిచే ఉంటుంది. అపార్టుమెంటు కింద పార్కింగులో వెనక్కి తీసే కారు డ్రైవరుకు ఇంత ఎత్తు బిడ్డ కనబడడు, అదీ గుర్తుంచుకోండి.

వీధికుక్కలు పరిగెత్తే చిన్నబిడ్డ వెంట పడతాయి. కుక్క కనబడగానే బండి ఆపించి, బిడ్డకూ దానికీ మధ్య మీరు నిలబడండి. పరిగెత్తించొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊరు మనది. సూర్యుడు వచ్చిన గంట లోపు, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాతే. నేల వేడి చేత్తో తాకి చూడండి, మీ అరచెయ్యి కాసేపు ఓర్చుకోలేకపోతే పడిన బిడ్డ చెయ్యీ ఓర్చుకోలేదు. ఎండల కంటే నేర్పేవాళ్ళు తక్కువ పట్టించుకునేది ఆషాఢం గాలి. ఆ నెలలో మన వైపు వీచే గాలికి ఎదురుగా తేలిక బండి ముందుకు సాగదు, కళ్ళలో దుమ్ము వేరే. బిడ్డకు రావడం లేదనుకుంటాం, నిజానికి గాలి నెడుతూ ఉంటుంది. గోడచాటున, లేదా గాలి వీపుకు తగిలేలా నడిపించండి.

మొదటి మెట్టు: వదిలేయండి

బండిని నట్టింట్లో పెట్టి మీ పని మీరు చూసుకోండి. బిడ్డ చక్రం తిప్పుతాడు, బండిని పడేస్తాడు, బొమ్మను ఎక్కిస్తాడు. అదంతా నేర్చుకోవడమే. “ఎక్కు, ఎక్కు” అనొద్దు.

రెండో మెట్టు: నిలబడి నడక

మొదట్లో పిల్లలు సీటు మీద కూర్చోరు. బండిని కాళ్ళ మధ్య పెట్టుకుని, హ్యాండిల్ పట్టుకుని నిలబడే నడుస్తారు. కూర్చోమని బలవంతం చేయకండి. హ్యాండిల్ తిప్పితే బండి ఎటు పోతుందో వాళ్ళకిప్పుడు తెలుస్తోంది. బరువు భయం పోయాక వాళ్ళే కూర్చుంటారు. కొందరికి ఒక పూట, కొందరికి వారాలు.

ఈ దశలోనే పెద్దల చేతులు ఊరుకోవు. హ్యాండిల్ పట్టుకుంటే బండి తిప్పేది మీరే అవుతారు, బిడ్డకు ఏమీ తెలియదు. సీటు వెనక నెడితే కాళ్ళకు అందని వేగం వస్తుంది. బిడ్డ భయపడి మీ చెయ్యే కావాలంటే, ఒక చెయ్యి వీపు మీద ఊరికే ఆనించండి. పట్టుకునేది ఎప్పుడైనా బిడ్డనే, బండిని కాదు. మీరు నడవాల్సింది పక్కన, ఒకడుగు వెనక.

మూడో మెట్టు: కూర్చుని నడక, ఆపైన పరుగు

కూర్చున్నాక అడుగులు చిన్నగా పడతాయి. క్రమంగా బరువు సీటు మీదికి వస్తుంది, అడుగు సాగుతుంది. అడుగుల మధ్య రెండు కాళ్ళూ ఒక్క క్షణం గాల్లో ఉండడం కనబడితే బ్యాలెన్స్ మొదలైనట్టే.

పది పదిహేను నిమిషాలు చాలు. ఇంకా కావాలని ఏడుస్తుండగానే ఆపితే రేపు వాడే బండి తెచ్చి మీ ముందు పెడతాడు. అలిసి విసుక్కున్నాక ఆపితే రేపు మీరు బతిమాలాలి.

నాలుగో మెట్టు: ఆగడం

చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు. నేను కాళ్ళెత్తి పోవడం కంటే ముందు పెడతాను. ఆగడం చేతనైన బిడ్డకే వేగమంటే భయం ఉండదు.

ముగ్గుపిండితో నేలమీద ఒక గీత గీయండి. అక్కడ చక్రం ఆగాలి, అదే ఆట. మొదట నడకలో, తర్వాత పరుగులో. రెండు పాదాలూ నేలకు ఆనించి ఆగమనండి. బూటు ముక్కు ఈడ్చడం అలవాటైతే మడమ ఆనించి చూపించండి. “ఆగు” అనే మాటకు వెంటనే ఆగేదాకా వాలు ఉన్న చోటికి తీసుకుపోవద్దు. బండికి చేతి బ్రేకు ఉంటే మూడేళ్ళు దాటి వేళ్ళు అందినప్పుడు నేర్పొచ్చు, అప్పటిదాకా కాళ్ళే.

ఐదో మెట్టు: కాళ్ళెత్తి పోవడం

నాలుగడుగులు గట్టిగా పరిగెత్తి కాళ్ళు ఎత్తేయాలి. ఒకటి, రెండు అని మీరు లెక్కపెట్టండి, కాళ్ళు దిగేలోపు ఎంతవరకు వచ్చిందో అదే పందెం. ముగ్గుపిండితోనే వాగు గీయండి, రెండు గీతల మధ్య నీళ్ళున్నాయి, కాళ్ళు తడవకుండా దాటాలి. రోజురోజుకూ వాగు కొంచెం వెడల్పు చేయండి. వెంట ఇంకో పిల్లో పిల్లాడో ఉంటే మీ పని సగం తగ్గుతుంది.

చూపు చక్రం మీద ఉంటే బండి తూలుతుంది. మీరు పది అడుగుల దూరంలో ఎదురుగా నిలబడి వేళ్ళు చూపించి “ఎన్ని?” అని అడగండి. తలెత్తుతాడు, బండి దానంతటదే నిటారవుతుంది.

చదునులో వచ్చాక, బంతి వదిలితే మెల్లగా దొర్లేంత వాలు వెతకండి. వాలు చివర రోడ్డుగానీ కాలువగానీ ఉండకూడదు, చదునుగా సాగాలి. సగం నుంచి మొదలుపెట్టి పైకి జరపండి. వాలులో తన్నాల్సిన పని లేదు కాబట్టి బిడ్డ ధ్యాసంతా బ్యాలెన్స్ మీదే ఉంటుంది.

ఆరో మెట్టు: మలుపులు

నీళ్ళ సీసాలో చెప్పులో దూరదూరంగా పెట్టి వాటి చుట్టూ పాములా తిప్పమనండి. మలుపులో బండి లోపలికి వాలాలి, ఎట్లా వాలాలో మీరు చెప్పొద్దు. వేగం కుదిరితే ఒళ్ళే వాలుతుంది.

అవ్వాతాతలతో

బిడ్డ కంటే వీళ్ళకు నేర్పడం కష్టం. “యాల వదిలేస్తివి, పడతాడు పట్టుకోప్పా!” అని అరుగు మీద నుంచి అరుపు వస్తుంది, ఆ అరుపుకే బిడ్డ బెదిరి పడతాడు. వాదించి లాభం లేదు. వాళ్ళకొక పని ఇవ్వండి: గీత గీయడం, లెక్కపెట్టడం. గీత దగ్గర నిలబడి లెక్కపెట్టే అవ్వ అరవదు.

పడితే

పడతారు, కానీ ఎత్తు తక్కువ, కాళ్ళు నేలకు దగ్గర, చాలాసార్లు బండిని వదిలి నిలబడిపోతారు. పడగానే ఉరకకండి. బిడ్డ ముందు మీ మొహం చూస్తాడు, ఏడవాలో వద్దో అక్కడే తేల్చుకుంటాడు.

గీరుకుంటే ధారగా పోసే మంచినీళ్ళతో, సబ్బుతో మట్టి పోయేలా కడగండి. కాఫీపొడి, సున్నం, పసుపు అద్దొద్దు. ధనుర్వాతం రాకుండా 16 నుంచి 24 నెలల మధ్య వేసే డీపీటీ బూస్టరు పడిందో లేదో టీకా కార్డులో చూసుకోండి. తలకు దెబ్బ తగిలి, ఒక్క క్షణమైనా స్పృహ తప్పినా, వాంతులైనా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి. మోచెయ్యి వాచి బిడ్డ ఆ చెయ్యి కదపనంటే పుత్తూరు కట్టుకు బయల్దేరే ముందు ఎక్స్‌రే తీయించండి. పిల్లల మోచేతి విరుగుళ్ళలో బిగుతు కట్టు రక్తం ఆడనీయదు.

పెడల్స్ ఎప్పుడు

కాళ్ళెత్తి దూరం పోతూ, మలుపు తిరిగి, చెప్పిన చోట ఆగగలిగితే సిద్ధమైనట్టే. చాలామందికి ఇది మూడున్నర నుంచి ఐదేళ్ళ మధ్య. 14 లేదా 16 అంగుళాల సైకిల్ తీసుకోండి, కూర్చుంటే పాదాలు నేలకు ఆనేదే. షాపువాళ్ళు బిగించి ఇచ్చే పక్క చక్రాలు అక్కడే విప్పించేయండి. మన బజార్లో దొరికే చిన్న సైకిళ్ళు బ్యాలెన్స్ బైక్‌కు రెండింతలు బరువుంటాయి, అందుకని మొదట కొన్నాళ్ళు వీటికీ పెడల్స్ తీసి నడవనివ్వండి. బరువు అలవాటయ్యాక బిగించండి.

కొత్త బండి బ్రేకు మీట గట్టిగా ఉంటుంది. బిడ్డ వేళ్ళు అందేలా, నొక్కితే పట్టేలా షాపులో సరిచేయించి, నిలబడి ఉన్నప్పుడే నొక్కడం ఆడించండి. వెనక బ్రేకు ఏ చేతిదో చూసి ముందు దాన్నే నేర్పండి.

బయల్దేరడం ఒక్కటే ఇక్కడ కొత్త పాఠం. కుడి పెడల్‌ను ముందుకు, కాస్త పైకి తెచ్చి, కుడి వైపు నుంచి చూస్తే గడియారంలో రెండు గంటలు చూపే ముల్లులా ఉంచండి. ఎడమ కాలు నేలమీద, కుడి కాలు పెడల్ మీద. కుడి కాలితో కిందికి తొక్కగానే బండి కదులుతుంది, ఎడమ కాలు రెండో పెడల్ వెతుక్కుంటుంది. మొదట్లో పాదం తప్పి చైను మూత మీద పడుతుంది, మళ్ళీ నేలకు దిగుతుంది. కానివ్వండి. సాయం తప్పదనుకుంటే వెనక నుంచి చంకల కింద చేతులుంచండి, రెండు తొక్కుళ్ళు పడగానే తీసేయండి.

తొక్కడం కుదిరాక సీటును కొద్దికొద్దిగా పెంచండి, మునివేళ్ళు ఆనేంత దాకా. నెలకోసారి నట్లు, బ్రేకు, గాలి చూసుకోండి. బండి వచ్చింది కదా అని సందు చివరి కిరాణా అంగడికి పంపొద్దు. ఆటోలు మలుపు తిరిగే దారిలో వెనక వచ్చే బండి వేగం ఆ వయసు బిడ్డ అంచనా కట్టలేడు. ఇంకా కొన్నేళ్ళు మైదానమూ, వెంచర్ రోడ్లే, పక్కన మీరు.